ఖాళీగా ఉంచిన యంత్రం దండగ ఖర్చేనా?

చిన్న తయారీ సంస్థ నడుపుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: ఉన్న సామర్థ్యంలో ఎంత భాగాన్ని ఖాళీగా అట్టిపెట్టుకోవాలి, ఏడాదికి ఒకసారైనా అక్కరకు వస్తుందో రాదో తెలియని యంత్రం మీద డబ్బు పెట్టడం దండగ కాదా? పద్దెనిమిదేళ్లుగా అట్టపెట్టెల ఫ్యాక్టరీ నడుపుతున్నవాడిగా జవాబు చెబుతున్నాను. అంకె చెప్పడం తేలికే కాబట్టి ముందు దాన్ని చెప్పేస్తాను.

యంత్రాన్ని నూటికి ఎనభై పాళ్లకు మించి పనితో నింపకండి. ఆర్డర్లు వేళాపాళా లేకుండా వస్తూ, ఒక్కో పనికి పట్టే సమయం కూడా ఒక్కోలా ఉండే చోట, ఒకే యంత్రం ముందు పని ఎంతసేపు వేచి ఉంటుందో లెక్కకట్టే సాధారణ సూత్రం ఒకటి ఉంది. దాని ప్రకారం యంత్రం 80 శాతం నిండి ఉంటే ఒక పని పూర్తికావడానికి పట్టే సగటు సమయానికి నాలుగు రెట్లు, 90 శాతం నిండితే తొమ్మిది రెట్లు, 95 శాతానికి చేరితే పందొమ్మిది రెట్లు నిరీక్షణ తప్పదు. చివరి అయిదు శాతం పిండుకోవడానికి వేచి ఉండే సమయాన్ని రెట్టింపు చేసుకుంటున్నామన్న మాట. యంత్రాలు 95 శాతం నడవాలని నివేదికలు రాసిచ్చి వెళ్లే సలహాదారులు ఈ లెక్క ఎందుకు చూపించరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆలస్యమైన సరుకు గురించి ఖాతాదారుతో ఫోనులో మాట్లాడవలసింది వాళ్లు కాదు కాబట్టి చూపించరని నా అనుమానం.

అయితే నేను దెబ్బతిన్నది ఈ అంకె దగ్గర కాదు. నా దగ్గర అదనపు సామర్థ్యం పుష్కలంగా ఉండగానే నేను దెబ్బతిన్నాను.

మా ఫ్యాక్టరీలో అట్టను ఆకారానికి కత్తిరించే డై కటింగు యంత్రం మొదలుకొని జిగురు పెట్టి మడిచే యంత్రం వరకు అన్నిటికీ కంప్రెసర్ ఒత్తిడితో పంపే గాలి కావాలి. గాలి ఆగితే అన్నీ ఆగుతాయి. అందుకే మొదటి లాభం రాగానే రెండో కంప్రెసర్ కొని, మూలన నిలబెట్టి, టార్పాలిన్ కప్పించాను. దాని తరుగుదల ఏటా లెక్కల్లో కనిపించినప్పుడల్లా మా అకౌంటెంటు గుడ్డి గుర్రానికి దాణా పెడుతున్నామని నవ్వేవాడు, నేనేమో ముందుచూపు గలవాడినని నాలో నేను మురిసిపోయేవాడిని. ఏడేళ్ల కిందట ఒక రాత్రి పదకొండు గంటలకు, తెల్లవారితే వెళ్లవలసిన పెద్ద ఆర్డరు సగంలో ఉండగా, మొదటి కంప్రెసర్ మోటారు వైండింగు కాలిపోయింది. మా ఫోర్‌మన్ కంగారు పడకుండా వెళ్లి, ఎంతో ధీమాగా టార్పాలిన్ లాగి, రెండో కంప్రెసర్ మీట నొక్కాడు. మోటారు మూలిగింది, ఆ వెంటనే రబ్బరు కాలిన వాసన వచ్చింది. ఏళ్ల తరబడి ఒకే వంపులో ఉండిపోయిన బెల్టు లోపలి వైపంతా పగుళ్లు బారి ఉంది. స్టోరులో నాలుగు కొత్త బెల్టులు ఉన్న మాట నిజమే కానీ, నాలుగూ మొదటి కంప్రెసర్ సైజువి.

ఎలాగో తెల్లవారుజామున బెల్టు సంపాదించి బిగించాక, ట్యాంకు అడుగునున్న కాక్ తిప్పితే తుప్పు రంగు నీళ్లు అర బకెట్టు కారాయి. ఆ తరువాత యంత్రం తిరిగింది. గేజి ముల్లు మెల్లగా పాకి మూడు కిలోల దగ్గర ఆగిపోయింది. మాకు కావలసిన ప్రెషరు ఆరు కిలోలు. హెడ్డు విప్పి చూసిన ఫిట్టరు, వాల్వు ప్లేట్లను అరచేతిలో పెట్టుకుని వచ్చి ఏమీ మాట్లాడకుండా నాకు చూపించాడు. తుప్పు పట్టి అంచులు గరుకుబారిన ఆ ప్లేట్లు గాలిని ఆపే స్థితిలో లేవు. సరుకు రెండున్నర రోజులు ఆలస్యంగా వెళ్లింది, ఆ ఖాతాదారు మరుసటి ఏడాది ఆర్డరును సగానికి తగ్గించాడు.

నడపకుండా దాచిన యంత్రం లెక్కల్లో ఆస్తిగానే ఉంటుంది, అవసరం వచ్చిన రాత్రి మాత్రం పాత ఇనుము. కంప్యూటర్ల వాళ్లు మనకన్నా జాగ్రత్తపరులని అనుకునేవాడిని. 2017 జనవరి 31న, ప్రోగ్రాముల కోడ్‌ను ఆన్‌లైన్‌లో భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసును చెరిపివేసినప్పుడు, ఏర్పాటు చేసుకున్న అయిదు రకాల నకలు పద్ధతుల్లో ఒక్కటీ సవ్యంగా పనిచేయడం లేదని తేలింది. వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసి ఉంచిన ఒక నకలు దొరకబట్టి బయటపడ్డారు. వాళ్ల టార్పాలిన్ కింద ఉన్నదీ మా టార్పాలిన్ కింద ఉన్నదీ ఒకటే రోగం.

ఇంకో రకం మోసం కూడా ఉంది, అది సరఫరాదారుల దగ్గర ఎదురవుతుంది. ఒకరినే నమ్ముకోకూడదని నేను క్రాఫ్ట్ కాగితం రీళ్లను ఇద్దరి దగ్గర కొనేవాడిని. ఒక మధ్యాహ్నం ఇద్దరూ గంట తేడాతో ఫోను చేసి, బాయిలరు మరమ్మతు వల్ల సరుకు పది రోజులు రాదని దాదాపు ఒకే మాటల్లో చెప్పారు. ఇద్దరూ ఒకే మిల్లు దగ్గర కొంటున్నారన్న సంగతి నాకు ఆ రోజు తెలిసింది. ఇలాంటిదే పెద్ద ఎత్తున 2017 జూన్ 27న నౌకా రవాణా సంస్థ మేర్స్క్‌లో జరిగింది. సంస్థ నెట్‌వర్కులోకి ఎవరిని రానివ్వాలో చూసే డొమైన్ కంట్రోలర్ సర్వర్లు ప్రపంచమంతటా దాదాపు 150 ఒకదానికొకటి నకలుగా ఉండేవి, అన్నీ ఒకేసారి పోవన్నది వాళ్ల ధీమా. నాట్‌పెట్యా వైరస్ అన్నిటినీ ఒకేసారి తుడిచిపెట్టింది. ఘనాలో ఆ సమయానికి కరెంటు పోయి ఆగిపోయి ఉన్న ఒక్క సర్వరు మాత్రం మిగిలింది, దాని ఆధారంగానే మిగతావాటిని తిరిగి నిలబెట్టుకున్నారు. కాబట్టి రెండో సరఫరాదారును కుదుర్చుకునే ముందు, నీకు సరుకు ఎక్కడి నుంచి వస్తుందని అడగండి. చెప్పడానికి మొహమాటపడితే అదే జవాబు.

డబ్బు విషయంలో నా మాట చిన్నది. మూడు నెలల జీతాలు, అద్దె, కరెంటు బిల్లులకు సరిపడా వేరే ఖాతాలో ఉంచండి. ఓవర్‌డ్రాఫ్టును నిల్వగా లెక్కవేసుకోకండి, వ్యాపారం బలహీనపడిందని తెలిస్తే బ్యాంకు దాని పరిమితి తగ్గించవచ్చు.

మనుషుల విషయం మాత్రం కష్టమైనది. ప్రతి పనీ ఇద్దరికి తెలిసి ఉండాలంటే, తెలిసినవాడు నేర్పాలి, అనుభవజ్ఞుడైన ఆపరేటరుకు అది ఇష్టం ఉండదు. తనకొక్కడికే తెలియడం వల్లనే తన మాట చెల్లుతోందని అతనికి తెలుసు, ఆ లెక్కలో తప్పేమీ లేదు. నేర్పినవారికి జీతం పెంచి, నేర్చుకున్నవారికి వారానికి ఒక పూట ఆ యంత్రం అప్పగిస్తే తప్ప మా దగ్గర అది కదలలేదు.

ఇప్పుడు మా రెండు కంప్రెసర్లూ వారం మార్చి వారం నడుస్తాయి. సోమవారం ఉదయం షిఫ్టు మొదట్లో మార్పిడికి ఇరవై నిమిషాలు పోతాయి, రెండోది చిన్నది కాబట్టి ఆ వారం ఒక యంత్రం వేగం తగ్గించుకోవాలి, ప్రొడక్షన్ మేనేజరు ప్రతి నెలా దీని మీద గొణుగుతాడు. కిందటి నెల ఒక సోమవారం రెండోది మీట నొక్కితే కదల్లేదు. ప్రెషర్ స్విచ్చి పాయింట్లు కాలిపోయి ఉన్నాయి. మొదటిదాన్నే మళ్లీ నడుపుకుంటూ పాయింట్లు తెప్పించి మధ్యాహ్న భోజనం లోపు మార్చేశారు. నాకు ఆ సంగతి సాయంత్రం లాగ్ పుస్తకంలో సంతకం పెడుతున్నప్పుడు తెలిసింది.