టికెట్ డబ్బులు సరే, తిరుగు ప్రయాణం మాటేంటి?

ప్రశ్న: మాది ఒంగోలు. బెంగళూరు వచ్చి మారతహళ్ళి పీజీలో దిగి నాలుగు నెలలైంది. ఆఫీసు స్నేహితులం ఆరుగురం ఒక శనివారం ఊరి చివర మాదావర దగ్గర జరిగే రాక్ ఫెస్టివల్‌కి వెళ్దామనుకుంటున్నాం. ఎవరికీ అనుభవం లేదు, జీతాలూ అంతంతమాత్రం. ఏం చూసుకోవాలి?

జవాబు: తమ్ముడూ, జీతం మాట నువ్వే ఎత్తావు కాబట్టి అక్కణ్ణించే మొదలుపెడతాను. ఏ బ్యాండ్ బాగా వాయిస్తుందో చెప్పేవాళ్ళు మీ ఆఫీసులో బోలెడుమంది ఉంటారు. ఖర్చు లెక్క చెప్పేవాడు ఒక్కడూ ఉండడు. కొత్తగా వచ్చినవాళ్ళు టికెట్ ధర చూసి ఖర్చంతా అదేననుకుంటారు. మేమూ అలా అనుకుని డబ్బు పోగొట్టుకున్నవాళ్ళమే. టికెట్‌కి ఎంత పెడతావో, రానుపోను ఛార్జీలకీ తిండికీ లోపలి చిల్లర ఖర్చుకీ ఇంచుమించు అంతే తీసి పక్కన పెట్టు.

మొదటి నష్టం గేటు దాకా వెళ్ళకముందే జరుగుతుంది. ఆరుగురూ వస్తామంటారు, ఒకడి కార్డు మీద ఆరు టికెట్లు తీస్తారు, వారం ముందు ఇద్దరికి ఆఫీసులో పని తగులుకుంటుంది. కొన్న టికెట్ మామూలుగా వెనక్కి తీసుకోరు. అందుకని యూపీఐలో డబ్బు పడ్డాకే బుక్ చెయ్యండి. మొహమాటపడితే ఆ రెండు టికెట్లూ కార్డు ఇచ్చినవాడి నెత్తిమీదే. ఆరు టికెట్లూ ఒకే క్యూఆర్ మీద వస్తే ఆరుగురూ కలిసే లోపలికి వెళ్ళాలి. ఒకడు సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మిగతా ఐదుగురూ ఎండలో నిలబడాలి. యాప్‌లో విడివిడిగా పంపే వీలుంటే ముందురోజే పంపుకోండి. ఎవరో సగం ధరకి ఇస్తామంటే ఆ జోలికి పోవద్దు. ఒకే స్క్రీన్‌షాట్‌ని పదిమందికి అమ్మేస్తారు, ముందుగా స్కాన్ చేయించుకున్నవాడే లోపలికి వెళ్తాడు.

స్టేజి ముందుండే ఫ్యాన్ పిట్‌కి అదనంగా పెట్టకు. మధ్యాహ్నం స్థానిక బ్యాండ్లు వాయించేటప్పుడు మామూలు టికెట్‌తోనే ముందరి బారికేడ్ల దాకా వెళ్ళొచ్చు. నిజానికి ఆ బ్యాండ్ల కోసమైనా తొందరగా వెళ్ళాలి. 1996 నుంచి వాయిస్తున్న థర్మల్ అండ్ ఎ క్వార్టర్, 1998 నాటి మెటల్ బ్యాండ్ క్రిప్టోస్ ఈ ఊరివే. త్యాగరాజ కృతుల్ని గిటార్లూ డ్రమ్స్‌తో పాడే అగమ్ కూడా ఇక్కడిదే, అందులో మాటలు మన తెలుగే. శబ్దం సరిగ్గా వినిపించేది స్టేజి కింద కాదు, మైదానం మధ్యలో సౌండ్ ఇంజినీరు కూర్చునే మిక్సింగ్ డెస్క్ పక్కన. ఆయన తన చెవికి బాగున్నట్టే సర్దుతాడు కాబట్టి ఆయన వెనక నిలబడినవాడికి వీఐపీ టికెట్ కొన్నవాడికంటే మంచి పాట దక్కుతుంది.

లోపల చాలాచోట్ల నోట్లు నడవవు. గేటు దగ్గర చేతికి కట్టే పట్టీలో (బ్యాండ్ అంటారు) డబ్బు వేయించుకుని దాంతోనే కొనాలి. కొత్తవాళ్ళ జేబు ఖాళీ అయ్యేది ఇక్కడే. మళ్ళీ క్యూలో ఎవరు నిలబడతారని రెండువేలు ఒకేసారి వేయిస్తారు, చివరికి మూడొందలు మిగులుతుంది. మిగిలింది రావాలంటే గడువులోగా ఫారం నింపాలి, కొందరు అందులోనూ రుసుము పట్టుకుంటారు. ఐదొందలతో మొదలుపెట్టు. కడుపు నిండా తినేసి వెళ్ళండి. దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, ఇడ్లీ వడ, ఒక బిసిబేళేబాత్ లాగిస్తే సాయంత్రం ఏడు దాకా ఢోకా ఉండదు. బయటి నీళ్ళ సీసా, పవర్ బ్యాంక్, గొడుగు గేటు దగ్గరే ఆపేస్తారు. ఏవి తేవచ్చో టికెట్ పేజీలో రాసే ఉంటుంది, చదువుకో. వాన పడేలా ఉంటే పల్చటి రెయిన్‌కోటు మడిచి జేబులో పెట్టుకో. గొంతు ఎండేదాకా ఆగకుండా గంటకోసారి నీళ్ళు తాగు. కర్ణాటకలో మందు కొనాలంటే 21 నిండాలి.

చెవుల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. పెద్ద స్పీకర్ల ముందు శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది. 85 దగ్గర ఎనిమిది గంటలు భరించగల చెవికి 100 దగ్గర పావుగంటే హద్దు. మందుల షాపులో దొరికే మెత్తటి ఫోమ్ ఇయర్‌ప్లగ్ చాలు. వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి అరనిమిషం నొక్కి పట్టుకో. అలా పట్టుకోకపోతే ఉబ్బేలోగా బయటికి జారిపోతుంది, తర్వాత అది పనికిరాదని తిడతారు. చెప్పులతో వెళ్ళొద్దు, బూట్లు వేసుకో. తోపులాట మొదలైతే చేతులు ఛాతీ ముందు మడుచుకుని, ఎదురెళ్ళకుండా ఏటవాలుగా అంచుకి జరుగు.

ఇక అసలు సంగతి, ఇంటికి చేరడం. 2003లో రోలింగ్ స్టోన్స్, 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించారు. అది ఊరి నడిబొడ్డు, మేఖ్రీ సర్కిల్ దాకా నడిస్తే ఏదో ఒక బస్సు దొరికేది. మీరు వెళ్ళేది తుమకూరు రోడ్డులో ఊరి చివరికి. రాత్రి 10కి లౌడ్‌స్పీకర్లు ఆపాలన్నది నిబంధన, కాబట్టి వేలమంది ఒకే నిమిషంలో ఫోన్ తీసి క్యాబ్ వెతుకుతారు. నెట్‌వర్క్ పడిపోతుంది, దొరికిన క్యాబ్ రేటు చూస్తే టికెట్టే చవకనిపిస్తుంది. ఆటో లెక్క చూడు: 2025 ఆగస్టు నుంచి మొదటి 2 కిలోమీటర్లకి 36 రూపాయలు, ఆపైన కిలోమీటరుకి 18. అంటే 20 కిలోమీటర్లకి 360. రాత్రి 10 దాటాక ఒకటిన్నర రెట్లు న్యాయమే, 540 అవుతుంది. గేటు ముందు ఆగిన ఆటోవాళ్ళు మీటరు మాటే ఎత్తరు.

దీనికి మందు మెట్రో. 2024 నవంబరులో గ్రీన్ లైన్ మాదావర దాకా వచ్చింది. మెజెస్టిక్ స్టేషన్‌లో పర్పుల్ లైన్‌కి మారి కుందలహళ్ళిలో దిగితే మారతహళ్ళికి ఆటో వందకి అటూ ఇటూ తీసుకుంటుంది. మెట్రోలో ఎంత దూరమైనా టికెట్ 90 దాటదు. ఫోన్‌లో టికెట్ కొందామనుకుంటే నెట్‌వర్క్ ఉండదు కాబట్టి స్మార్ట్ కార్డులో పొద్దున్నే 200 వేయించుకో. చివరి రైళ్ళు రాత్రి 11 ప్రాంతంలో ఉంటాయి, స్టేషన్‌ని బట్టి మారతాయి, ఆ రోజు వేళలు చూసుకో. మెజెస్టిక్‌లో మారాల్సిన పని ఉంది కనుక 9:45కే బయల్దేరు. చివరి పాట పోతుందని మీవాళ్ళు గునుస్తారు. గేటు దాటి కిలోమీటరు దాకా అది వినపడుతూనే ఉంటుంది, నడుస్తూ వినమను.

మీ పీజీ గేటు ఎన్నింటికి మూస్తారో అడిగి, ఆలస్యమవుతుందని ముందురోజే ఓనరు అన్నకి చెప్పి ఉంచండి. మర్నాడు పొద్దున్న లేవగానే చేతి బ్యాండ్ మీది నంబరు ఫొటో తీసి మిగిలిన డబ్బుకి ఫారం నింపు. స్నానంలో కత్తిరించి పారేశాక నంబరు దొరకదు.