హెడ్ ఎత్తించే ముందు: పాత అంబాసిడర్ గురించి అల్లుడికి ఉత్తరం

చి. అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన వీడియో చూశాను. మార్క్ 3 అంబాసిడర్ కొన్నందుకు నిన్ను మెచ్చుకోవాలో, మీ అమ్మకు ధైర్యం చెప్పాలో అర్థం కావడం లేదు. బాడీ మాత్రం నిక్షేపంలా ఉంది.

రోజూ రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయి, టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది, ట్రాఫిక్‌లో ఆగిపోతోంది, వాన పడితే కాళ్ల కింద తడి అవుతోంది అన్నావు. మీ మెకానిక్ బానెట్ ఎత్తగానే 'హెడ్ ఎత్తాలి సార్' అన్నాడట, అంటే సిలిండర్ల మీద మూతలా బిగించి ఉండే భాగం విప్పాలని. నేను చెప్పేవరకూ హెడ్ జోలికి పోవద్దు. ఆ 1489 సీసీ ఇంజిన్ ఇంగ్లండులో బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్లు రూపొందించిన బి-సిరీస్ ఇంజినే. దిమ్మ లాంటి పోత ఇనుము, ఊరికే పాడయ్యేది కాదు. అనవసరంగా విప్పితే మాత్రం కొత్త తంటాలు వస్తాయి. హెడ్‌ను పట్టి ఉంచే యాభై ఏళ్ల నాటి స్టడ్డు ఒక్కటి విరిగిందంటే లేత్ షాపు చుట్టూ తిరగాలి.

అసలు నీళ్లు కారుతున్నాయా లేదా, అది తేల్చు ముందు. నవ్వకు. ఆ కాలం కార్లకు ఇప్పటి బళ్లలాగా పొంగిన నీళ్లు పట్టుకునే సీసా ఉండదు. రేడియేటర్ మెడ దాకా నింపితే, వేడెక్కాక పొంగి పక్కనున్న సన్న పైపులోంచి రోడ్డు మీదకు పోతుంది. తన మట్టానికి వచ్చాక ఆగుతుంది. మర్నాడు పొద్దున మూత తీసి 'అయ్యో తగ్గాయే' అని నువ్వు మళ్లీ మెడ దాకా పోస్తావు. ఇలా నెలల తరబడి లేని లీకు కోసం వెతికిన వాళ్లను చూశాను. మెడకు ఒక అంగుళం కిందే వదిలెయ్, లోపల ట్యూబులు మునిగి ఉంటే చాలు. వారం రోజులు పుల్లతో కొలిచి, రోజూ పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఎంతుందో రాసిపెట్టు. మట్టం అక్కడే నిలిస్తే నీకు లీకే లేదు.

అయినా తగ్గుతుంటే రాత్రి బండి కింద పెద్ద అట్టముక్క పరిచి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో చాక్‌పీసుతో గుర్తు పెట్టు. పొద్దున చుక్క ఎక్కడ పడిందో చూసి, దానికి నేరుగా పైకి చెయ్యి పెట్టి తడుము. నల్లటి మరకలు కూడా పడతాయి, వాటికి టెన్షన్ పడకు. ఆ ఇంజిన్‌కు వెనక క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ఇరుసు) దగ్గర ఇప్పటి బళ్లకున్న రబ్బరు సీలు ఉండదు, నూనెను వెనక్కి తిప్పే మర గాడి మాత్రమే ఉంటుంది. కాస్త ఆయిల్ కారడం దాని జన్మహక్కు. మరీ ఎక్కువైతే ఇంజిన్ లోపలి ఆవిర్లు బయటకు పోయే బ్రీదర్ పైపు మూసుకుపోయిందేమో చూడు. లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్‌ను బయటకు తోస్తుంది. బ్రీదర్ శుభ్రం చేయకుండా సీళ్లు, ప్యాకింగ్‌లు మార్చడం డబ్బు దండగ.

నీళ్ల విషయంలో నా మొదటి అనుమానం వాటర్ పంపు మీదే. షాఫ్టు కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగిందని చెప్పడానికే దాన్ని పెట్టారు. టార్చి వేసి చూస్తే ఆ రంధ్రం నుంచి కిందికి సున్నం పూసినట్టు తెల్లటి చార కనిపిస్తుంది. నీళ్లు ఆరిపోయినా చార పోదు. ఇంజిన్ ఆపి, ఫ్యాను రెక్క పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపు. టకటకమని ఆడితే బేరింగు పోయినట్టే. ఆ రంధ్రాన్ని ఎంసీల్‌తో మూసే మహానుభావులు కూడా ఉన్నారు, వాళ్ల చేతికి బండి ఇవ్వకు.

తర్వాత హోస్ పైపులు. కొన్ని చల్లగా ఉన్నప్పుడే కారతాయి, వేడెక్కి రబ్బరు ఉబ్బితే ఆగిపోతాయి. అందుకే తెల్లవారుజామున ఒకసారి చూడు. ఇంజిన్ బ్లాకు (సిలిండర్లున్న దిమ్మ) పక్కన గుండ్రటి రేకు బిళ్లలు ఉంటాయి, వెల్చ్ ప్లగ్గులంటారు. ఉత్త బోరు నీళ్లు పోసిన బళ్లలో అవి లోపలి నుంచి తుప్పు తింటాయి. ఒకటి పోతే మిగతావీ మార్పించు, వాటి వయసూ అదే కదా. రేడియేటర్ క్యాప్ కూడా చూడు. దాని మీద పౌండ్ల అంకె ఉంటుంది. ఒక్కో పౌండు ఒత్తిడికి నీళ్లు మరిగే వేడి సుమారు ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుంది. అలాగని కొత్త కార్లకు వాడే పెద్ద పౌండ్ల క్యాప్ తెచ్చి బిగిస్తే పాత అతుకులు తట్టుకోలేవు. మూత మాత్రం ఇంజిన్ వేడిగా ఉండగా తీయకు, మొహం కాలుతుంది.

ఎవరో ఒకరు రేడియేటర్‌లో గుప్పెడు పసుపు వేయమంటారు. హైవే మీద దిక్కులేనప్పుడు అది పనిచేస్తుంది, కాదనను. కానీ లీకును మూసే పసుపు లోపలి సన్న ట్యూబులను మాత్రం వదిలేస్తుందా? ఇదివరకటి ఓనరు వేశాడేమో అడుగు. వేసి ఉంటే నీ వేడికి సగం కారణం అదే. ఆటోనగర్‌లో పాత రేడియేటర్ షాపుకు పట్టుకెళ్తే ట్యాంకు ఊడదీసి, ట్యూబుల్లో కమ్మీ దూర్చి శుభ్రం చేసి, మళ్లీ టంకం పెడతారు. రాగి, ఇత్తడి రేడియేటర్ గనక ఈ సౌకర్యం ఉంది, పారేసి ప్లాస్టిక్ ట్యాంకుది పెట్టించకు. తర్వాత డిస్టిల్డ్ వాటర్, కూలెంటు కలిపి పోసుకో.

ఇక హెడ్ సంగతి. హెడ్ ప్యాకింగ్ (హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే పొర) పోయిందో లేదో విప్పకుండానే తెలుసుకోవచ్చు. చల్లటి ఇంజిన్‌కు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చెయ్. మొదటి నిమిషంలోనే బుడగలు ఆగకుండా వస్తుంటే, సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి వెళ్తున్నట్టు. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి వరసగా పెట్టు. మూడింటికి మసి ఉండి ఒక్కటి కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే ఆ సిలిండర్లోకి నీళ్లు పోతున్నాయి. సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టి నాలుగు అంకెలూ రాసుకో. పక్కపక్కన ఉన్న రెండు మాత్రమే బాగా తక్కువ చూపిస్తే, వాటి మధ్యనే ప్యాకింగ్ కాలింది. ఆయిల్‌లో నీళ్లున్నాయని అనుమానమైతే బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున సంపు (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) బోల్టు మెల్లగా వదులు చెయ్. నీళ్లు బరువు కాబట్టి అడుగున చేరతాయి, ఉంటే ముందు అవే చుక్కలుగా వస్తాయి. ఆయిల్ పోసే మూత కింద కాస్త తెల్లటి నురగ కనపడగానే కంగారు పడకు. దగ్గర దగ్గర తిరిగే బండికి చలికాలంలో అది మామూలే.

లీకు లేకపోయినా ముల్లు పైకి పోతుంటే డెల్కో (ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్) వైపు చూడు. నిప్పు పడే టైమింగ్ వెనకబడితే ఇంజిన్ ఊరికే కాగుతుంది. డెల్కోలోని పాయింట్ల గ్యాప్ 14 నుంచి 16 తౌ (అంగుళంలో వెయ్యో వంతు) మధ్య పెట్టి, ఆ తర్వాతే టైమింగ్ సరిచూడు. గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారుతుంది. ట్యాపెట్లు (వాల్వులను నొక్కే మీటల దగ్గరి సందు) నీ చేత్తోనే పెట్టుకో, సులువైన లెక్క ఉంది. ఎనిమిది వాల్వులకు వరస నంబర్లు ఇచ్చుకో. ఏ వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉందో ఆ నంబరు తొమ్మిదిలోంచి తీసెయ్, మిగిలిన నంబరు వాల్వును సెట్ చెయ్. ఒకటి తెరుచుకుంటే ఎనిమిది, మూడు తెరుచుకుంటే ఆరు. ఎగ్జాస్ట్ ట్యాపెట్ల గ్యాప్ మాటిమాటికీ తగ్గిపోతుంటే నాకు చెప్పు. 2000 నుంచి మన దేశంలో పెట్రోల్‌లో సీసం లేదు, ఆ పాత హెడ్డుల వాల్వు సీట్లకు ఆ సీసమే కాపుదల. అప్పుడు హెడ్ ఎత్తి గట్టి సీట్లు వేయించడంలో అర్థముంది.

ట్రాఫిక్‌లో ఆగిపోవడానికి రెండే దారులు: నిప్పు లేదు, లేదా పెట్రోల్ లేదు. ఆగిన చోటే తేల్చాలి, చల్లారాక ఎవరికీ ఏమీ దొరకదు. నిప్పుకు కరెంటు పెంచి ఇచ్చే కాయిల్ నుంచి వచ్చే మధ్య వైరును డెల్కో దగ్గర ఊడదీసి, రబ్బరు పట్టుతో బ్లాకుకు పావు అంగుళం దూరంలో పట్టుకుని సెల్ఫ్ కొట్టించు. నీలంగా చిటపటమంటే నిప్పు బాగున్నట్టే. పసుపచ్చగా నీరసంగా ఉంటే డెల్కోలోని కండెన్సరో కాయిలో వేడికి పడిపోతోంది. నిప్పు బాగుంటే పెట్రోల్ పైపులో ఆవిరి అడ్డుపడి ఉంటుంది. పెట్రోల్ లాగే పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే కదిలిందంటే అదే. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌తో ఈ బాధ ఇంకాస్త ఎక్కువ. పాత రబ్బరు పైపులను కూడా అది మెత్తబరుస్తుంది. పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించు, సైలెన్సర్ వేడికి దూరంగా తిప్పించు. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ పైపు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకు.

కాళ్ల కింద తడి వేరే కథ. సాయంత్రం నువ్వు టార్చితో లోపల కూర్చో, మరొకరిని పైపుతో నీళ్లు పట్టమను. కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి. ముందే పైన కొడితే నీళ్లు అన్ని వైపులకూ పారి ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. ముందు అద్దం రబ్బరు కింది మూలలు, వైపర్ కడ్డీల వాషర్లు, డిక్కీ రబ్బరు చూడు. తలుపుల అడుగున నీళ్లు పోయే చిన్న బెజ్జాలుంటాయి, మట్టితో మూసుకుపోతే నీళ్లు తలుపులోనే నిలిచి లోపలికి పొంగుతాయి. సన్న తీగతో పొడిస్తే చాలు. కార్పెట్ ఎత్తి నేల రేకు కూడా చూడు. స్క్రూడ్రైవర్ దిగిపోయేలా ఉంటే టింకరింగ్ పని చెప్పాలి. సిలికాన్ గొట్టాలు కొని కనపడిన చోటల్లా పూయకు, రేపు అద్దం తీయాల్సి వస్తే నిన్నే తిట్టుకుంటావు.

వారం కొలతలు, నాలుగు కంప్రెషన్ అంకెలు, ప్లగ్గుల ఫొటో పంపు. ప్లగ్గులు ఏ వరసలో తీశావో ఆ వరసలోనే పెట్టి ఫొటో తియ్. అవి చూశాకే హెడ్ గురించి మాట్లాడుకుందాం. అమ్మను అడిగానని చెప్పు.

మీ మావయ్య