ఇంగ్లిష్‌లో ‘సై’ అంటే నిట్టూర్పేనా? ఎక్కడ ఎలా వాడతారు?

మీరు రెండు విషయాలు అడిగారు. పండక్కి సెలవు దొరకలేదని తెలిశాక మీ ఆఫీసు చాట్‌లో తోటి ఉద్యోగి ఒకావిడ ‘సై’ అని ఒక్క మాట పెట్టి ఊరుకుంది, అది బాధా, విసుగా, లేక మీ మీద కోపమా అన్నది మొదటిది. నిఘంటువులో చూస్తే ‘నిట్టూర్పు’ అని ఉంది, మరి ‘సై ఆఫ్ రిలీఫ్’ అన్నచోట ఆ అర్థం అతకడం లేదే అన్నది రెండోది. నేను శ్రీకాకుళం జిల్లాలో హైస్కూలు పిల్లలకు ఇంగ్లిష్ చెబుతాను, సొంతూరు ఉద్దానం వైపు. ఈ మాట ఏటా ఏదో ఒక పాఠంలో తగులుతుంది, ఎవరో ఒకరు లేచి ఇదే సందేహం అడుగుతారు. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

‘సై’ అంటే పక్కవాళ్లకు వినపడేలా వదిలిన పెద్ద ఊపిరి. ఆ మాటకున్న అర్థం అంతవరకే. దిగులుతో వదిలారా, విసిగిపోయి వదిలారా, గండం గడిచిందని వదిలారా అన్నది చుట్టూ ఉన్న మాటలు చెప్పాలి. మన ‘నిట్టూర్పు’ వింటే మాత్రం చెవిన పడగానే మనసు కుంగుతుంది. మీకు అతకలేదనిపించింది అందుకే.

ముందు పలకడం సంగతి. రాసేది ఎస్, ఐ, జి, హెచ్. పలికేది మన ‘సై అంటే సై’లో ఉన్న ‘సై’ లాగే. జి, హెచ్ ఇప్పుడు ఊరికే కూర్చున్నాయి గాని ఒకప్పుడు వాటికి పనుండేది. కొన్ని వందల ఏళ్ల కిందటి ఇంగ్లిష్‌లో నైట్, లైట్, హై లాంటి మాటల్లో ఆ అక్షరాలున్న చోట గొంతు రాసుకుంటూ వచ్చే ఒక గాలి చప్పుడు వినపడేది. పోను పోను నోట్లో ఆ చప్పుడు జారిపోయింది, కాగితం మీద రాత నిలిచిపోయింది. ‘సై’ చివర అలాంటి గాలి చప్పుడు చేర్చి ఓసారి పలికి చూడండి. ఊపిరి వదిలినట్టే ఉంటుంది. ఇక భూతకాలంలో ‘సైడ్’ అవుతుంది, పలకడంలో దానికీ పక్క అనే అర్థమున్న సైడ్‌కీ తేడా లేదు. చాలా నిట్టూర్పులైతే ‘సైజ్’, అది కొలత సైజులాగే వినిపిస్తుంది. సినిమాలు చూసి ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలు ఇక్కడ తడబడతారు. వాక్యాన్ని బట్టి పట్టుకోవడమే.

ఇప్పుడు అసలు చిక్కు. నిట్టూర్పు అన్న మాటని విడదీస్తే నిడు, ఊర్పు అని వస్తుంది. బడిలో ద్విరుక్త టకార సంధి చదువుకున్నవాళ్లకు చిట్టెలుక, నట్టడవి, కట్టెదురుల పక్కన ఇదీ గుర్తుండే ఉంటుంది. నిడు అంటే పొడవైన, ఊర్పు అంటే ఊపిరి. పుట్టుకను బట్టి చూస్తే ఇంగ్లిష్ ‘సై’కి ఇంతకంటే అచ్చంగా సరిపోయే మాట ఉండదు. కాని వాడుకలో మనం దాన్ని దుఃఖానికీ నిరాశకీ రాసిచ్చేశాం. కూతురికి సంబంధం కుదిరిందని ఏ తండ్రీ నిట్టూర్చడు. పరీక్ష పాసైన పిల్లాడు నిట్టూర్చాడంటే వినేవాడికి ఏదో తేడాగా ఉంటుంది.

మరి ఆ సంతోషపు ఊపిరికి మనమేమంటాం? ‘హమ్మయ్య’ అంటాం, ‘ఊపిరి పీల్చుకున్నారు’ అంటాం. తుపాను తప్పిపోయిన మర్నాడు తెలుగు పేపర్లో ‘తీరగ్రామాల ప్రజలు ఊపిరి పీల్చుకున్నారు’ అని ఉంటుంది, అదే వార్తకి ఇంగ్లిష్ పేపర్లో ‘బ్రీత్డ్ ఎ సై ఆఫ్ రిలీఫ్’ అని ఉంటుంది. మనవాళ్లు పీల్చుకుంటే వాళ్లు వదిలారు. తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఇది గమనించి ‘ఎవరిది రైటు సార్?’ అనడిగింది. ఎంత మంచి ప్రశ్నో! శరీరం లెక్క ప్రకారం ఇద్దరిదీ రైటే. నిట్టూర్చేటప్పుడు ముందు మామూలుగా ఊపిరి తీసుకుంటాం, దాన్ని వదలకుండానే దాని మీద ఇంకాస్త పీలుస్తాం, ఆ తర్వాత అంతా కలిపి వదులుతాం. మామూలు ఊపిరికి దాదాపు రెట్టింపు గాలి ఆడుతుంది. ఊపిరితిత్తుల్లో కోట్లాది చిన్న చిన్న గాలితిత్తులుంటాయి, వాటిలో కొన్ని ఎప్పటికప్పుడు ముడుచుకుపోతుంటాయి. అవి మళ్లీ విచ్చుకోవడానికి ఈ పెద్ద ఊపిరి కావాలి. అందుకే దిగులున్నా లేకున్నా మనిషి గంటకు సుమారు 12 సార్లు తనకు తెలియకుండానే నిట్టూరుస్తాడు, నిద్రలో కూడా. ఈ పని చూసే నాడీకణాలు మెదడు కాండంలో ఏ చోట ఉన్నాయో ఎలుకల్లో గుర్తించి, అమెరికా శాస్త్రవేత్తలు 2016లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. మనం మాటల్లో ముందు సగాన్ని పట్టుకున్నాం, ఇంగ్లిష్‌వాళ్లు వెనక సగాన్ని పట్టుకున్నారు.

ఒకే మాట రెండు వైపులా ఎలా పనిచేస్తుందో నాకు బాగా తెలిసింది తిత్లీ తుపానప్పుడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది మా పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. ఆ రోజుల్లో ఒక ఇంగ్లిష్ పత్రిక విలేకరి వస్తే మా ఊళ్లవాళ్ల మాట ఆయనకి చెప్పడానికి నేను తోడు వెళ్లాను. ఒక తోటలో పెద్దావిడ ఒకరు వేళ్లతో సహా లేచిపోయిన కొబ్బరిచెట్టు మొదలు మీద కూర్చుని ఉంది. ‘పెద్దమ్మా, మీయి ఎన్ని సెట్లు పోనాయి?’ అనడిగాను. వెంటనే జవాబు చెప్పలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. భుజాలు రెండూ పైకి లేచి, పొడుగ్గా ఊపిరి వదిలాక మెల్లగా దిగాయి. అప్పుడు ‘ఏటి సెప్పమంతావు బాబూ, మాయత్త ఏసిన సెట్లివి’ అంది. విలేకరి పుస్తకంలో ‘షి సైడ్’ అని రాసుకున్నాడు. కొబ్బరిమొక్క నాటితే కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది, ఆవిడ ఊపిరిలో ఉన్నది ఆ లెక్కంతా. దానికి నిట్టూర్పు తప్ప ఇంకో మాట లేదు.

కొన్ని రోజులకు కరెంటొచ్చింది. దీపం వెలగ్గానే వీధిలో పిల్లలు కేకలేశారు, అరుగుల మీద పెద్దవాళ్లు అందరూ ఒక్కసారే ఊపిరి వదిలారు. ఇంగ్లిష్‌లో రాస్తే అదీ ‘సై’ నే. తెలుగులో మాత్రం దాన్ని నిట్టూర్పు అనలేను. వెలుగు చూసి ‘హమ్మయ్య’ అనుకున్నారు, అంతే.

అందుకే తర్జుమా చేసేటప్పుడు ‘సై’ కనపడగానే నిట్టూర్పు అని పెట్టేయకండి, వెనకున్న మాట చూడండి. ‘షి సైడ్ విత్ రిలీఫ్’ అన్నదాన్ని ‘ఆమె ఉపశమనంతో నిట్టూర్చింది’ అని పిల్లలు రాస్తారు. పిల్లలు రాస్తే సరే, దిద్దుతాం. అనువాద కథల్లో, సినిమా సబ్‌టైటిళ్లలో కూడా అదే అచ్చవుతుంటే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. ఉపశమనంతో నిట్టూర్చే తెలుగు మనిషిని నేనింతవరకు చూడలేదు. ‘హమ్మయ్య అనుకుంది’ అంటే సరిపోయేది. అలాగే ‘సైడ్ విత్ కంటెంట్‌మెంట్’ అని ఉంటే అది కడుపునిండా తిని ‘అబ్బా’ అని గోడకు చేరగిలబడ్డ మనిషి ఊపిరి. ‘ఐ కాంట్ డూ దిస్ ఎనీమోర్, హి సైడ్’ అని ఉంటే ఆ మాటలంటూనే ఊపిరి వదిలాడని. ఇంగ్లిష్ కథల్లో ‘అన్నాడు’ అనాల్సిన చోట నేరుగా ఇదే వాడేస్తారు. తెలుగులో ‘ఇంక నావల్ల కాదు, అన్నాడు ఉసూరుమంటూ’ అనొచ్చు.

ఉసూరుమనడం అన్నాను కాబట్టి దాని గురించీ చెప్పాలి. ఉసురు అంటే ప్రాణం. నిస్సత్తువ, ఓడిపోవడం, ఆశ జారిపోవడం అన్నీ ‘ఉసూరుమన్నాడు’లో ఉన్నాయి. బస్సు కోసం పరిగెత్తుకొచ్చి అది వెళ్లిపోయిందని తెలిసి ఉసూరుమంటాం. మా ఇంట్లో పెద్దవాళ్లయితే సందేళ గడపలో చెంపకు చెయ్యి పెట్టుకుని కూర్చుంటే ‘అలగ ఉసూరుమని కూకోకు’ అని లేపేసేవారు. ‘వాళ్ల ఉసురు తగులుతుంది’ అన్న మాటలో ఉన్నది కూడా ఈ ఉసురే, ఏడిపించినవాడిని ఏడ్చినవాడి ఊపిరి వదలదని నమ్మకం. ఇంగ్లిష్ ‘సై’కి ఇంత బరువు లేదు. మన మాట నుంచి అటు తీసుకెళ్లేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోవాలి. ‘ఉసురు పోసుకున్నాడు’ అన్నదానికి ‘సై’ ఏ రకంగానూ పనికిరాదు.

వాక్యంలో వాడేటప్పుడు మనవాళ్లు చేసే పొరపాటు ఒకటి పదే పదే కనిపిస్తుంది. ‘నిట్టూర్పు విడిచాడు’ అని మనసులో అనుకుని ‘హి లెఫ్ట్ ఎ సై’ అని రాస్తారు. ఇంగ్లిష్‌లో అలా అనరు. ‘లెట్ అవుట్ ఎ సై’, ‘గేవ్ ఎ సై’, ‘హీవ్డ్ ఎ సై’ అంటారు. ‘హీవ్’ అంటే బరువు ఎత్తడం లాంటిది, పెద్ద ఊపిరికే వాడతారు. ఇవేవీ గుర్తులేకపోతే ఒట్టి ‘హి సైడ్’ చాలు, తప్పు పోదు. ‘సై ఫర్’ అంటే దూరమైన మనిషి కోసమో రోజుల కోసమో తపించడం, పాత కవిత్వంలో ఎక్కువ, రోజువారీ మాటల్లో తక్కువ. గాలికి కూడా ఈ మాట వాడతారు. కళింగపట్నం వైపు తీరం వెంట సరుగుడు తోటలో నిలబడితే ఆకుల్లోంచి గాలి సుయ్యిమని సాగుతుంటుంది, ఇంగ్లిష్‌వాడు దాన్ని ‘ది విండ్ సైడ్ ఇన్ ది ట్రీస్’ అంటాడు.

ఊపిరికి సంబంధించిన మిగతా మాటలతో దీన్ని కలపకండి. ‘గాస్ప్’తోనే ఎక్కువమంది పొరబడతారు. సై బయటికి, గాస్ప్ లోపలికి. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పూజారి సిరిమాను అనే పొడవాటి మాను కొసన కూర్చుంటారు. మాను పైకి లేచి ఆయన అంత ఎత్తున కనపడగానే కింద జనం గుండె గుబుక్కుమని గాలి లోపలికి లాగుతారు, అది గాస్ప్. ఆ మాను కోటకీ గుడికీ మధ్య మూడుసార్లు తిరిగి, ఆయన క్షేమంగా దిగాక వదిలేది సై. ‘ప్యాంట్’ అంటే రొప్పడం, ‘గ్రోన్’ అంటే మూలగడం. ‘ఎక్స్‌హేల్’ అంటే ఊపిరి వదలడమే గాని అది డాక్టరుగారి మాట, యోగా మాస్టారి మాట. చప్పుడు లేకపోయినా ఎక్స్‌హేల్ అంటారు, సై అనాలంటే సాధారణంగా చప్పుడుండాలి.

ఇక మీ చాట్ సంగతి. ‘సై’ అని ఒంటరిగా టైపు చేయడం, అటూ ఇటూ నక్షత్రం గుర్తులు (*) పెట్టడం ఇంగ్లిష్ చాటింగ్‌లో ఎప్పటినుంచో ఉన్నదే. మొహం కనపడదు, ఊపిరి వినపడదు కాబట్టి ‘ఇక్కడ నేను నిట్టూర్చాను’ అని అక్షరాల్లో చెప్పడం అది. ఇలా ఒంటరిగా పెట్టినప్పుడు ‘రిలీఫ్’ అర్థం దాదాపు రాదు. హమ్మయ్య అనుకున్నవాళ్లు ‘ఫ్యూ’ అని రాస్తారు. ఒంటరి ‘సై’లో ఉండేది నిరాశ, అలసట, ‘ఏం చేస్తాం, మన రాత’ అన్న ధోరణి. కోపం అరుదు. అయితే అది ఏ మెసేజీ కింద వచ్చిందో చూసుకోవాలి. సెలవు లేదన్న వార్త కింద వస్తే ఆ బాధ వార్త మీద. మీరేదో అడిగిన వెంటనే మీ మెసేజీకి జవాబుగా వస్తే మాత్రం ‘అబ్బా, మళ్లీ మొదలెట్టావా’ అన్న విసుగు దాంట్లో ఉంటుంది.

మీరు చెప్పినదాన్ని బట్టి ఆవిడది మొదటి రకం. పండక్కి ఇంటికి వెళ్లలేకపోతున్నానన్న దిగులు, మీ మీద ఏమీ లేదు. ‘ఐ నో, ఫీలింగ్ ది సేమ్’ అని రాయొచ్చు, లేదా మీకూ సెలవు దొరకలేదు కాబట్టి మీరూ ‘సై’ అనే పంపొచ్చు, నా బాధా అదేనని ఆవిడకు తెలుస్తుంది. సెలవు ఇవ్వనన్న మేనేజరుకి జవాబుగా మాత్రం పంపకండి, మెయిల్లో అసలే రాయకండి. పైవాళ్ల మాట కింద ఆ ఒక్క మాట కనపడితే ఎదురుగా నిలబడి మొహం మీదే ఉఫ్ఫుమన్నట్టు ఉంటుంది. అక్కడ ‘ఐ వజ్ హోపింగ్ టు గో హోమ్ ఫర్ ది ఫెస్టివల్, ఈజ్ దేర్ ఎనీ అదర్ వే?’ అని నేరుగా అడిగేయండి.