ముందు మోటారు లేని విమానం

సైనిక్‌పురి, హైదరాబాద్

అమ్మలూ,

నీ మెసేజీ చూశాను. స్కాలర్‌షిప్ డబ్బులతో రిమోట్ విమానం కొంటానన్నావు. ఆ డబ్బు ఇప్పుడే తియ్యకు. ముందు ఒక గ్లైడరు, అంటే మోటారు లేని విమానం, నీ చేత్తో చెయ్యి. మోటారు ఉంటే వంకర విమానం కూడా బలంతో ముందుకు పోతుంది, లోపం ఎక్కడుందో నీకు తెలియదు. గ్లైడర్‌లో ప్రతి లోపమూ బయటపడుతుంది. ఎన్‌సీసీలో నీకు రేపు కంట్రోల్ లైన్ మోడల్ (చేతిలో తీగలు పట్టుకుని నడిపేది) ఇచ్చినా ఈ చదువే పనికొస్తుంది.

రెక్కకు 3 మి.మీ. బాల్సా (చాలా తేలికైన చెక్క) షీటు, తోకకు 1.5 మి.మీ., బాడీకి 6 మి.మీ. కర్ర చాలు. రెక్క పొడవు 45 సెం.మీ., వెడల్పు 9 సెం.మీ. పెట్టుకో. బాల్సా ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది. తేలిగ్గా ఉందని చిన్నచూపు చూడకు. రెండో ప్రపంచ యుద్ధంలో మస్కిటో విమానం బాడీ బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా పెట్టి చేసిందే. ఒకే కొలత షీట్లయినా బరువులో చాలా తేడా ఉంటుంది, అందుకని తూచి తీసుకో. రెక్కలో రెండు సగాలూ ఒకే షీటులోంచి కొయ్యి. బ్లేడు కొత్తది ఉండాలి. ఒక్కసారే నొక్కి కొయ్యకుండా తేలిగ్గా నాలుగైదు సార్లు గియ్యి. అతకడానికి ఫెవికాలే వాడు, ఫెవిక్విక్ వద్దు. అది సర్దుకునే టైమివ్వదు.

రెక్కను మధ్యలో కోసి, రెండు కొసలూ చెరో 4 సెం.మీ. పైకి లేచేలా అతికించాలి. విమానం ఒక పక్కకు ఒరిగితే ఆ పక్కకే జారుతుంది. అప్పుడు కిందికి దిగిన రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగిలి దాన్ని తిరిగి పైకి లేపుతుంది. రిమోట్ లేకపోయినా విమానం తనంతట తానే సర్దుకునేది ఈ వంపు వల్లే.

బ్యాలెన్సు సంగతి ఇంకా ముఖ్యం. రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో మూడోవంతు దగ్గర, అంటే 3 సెం.మీ. లోపలికి, రెండు వేళ్ల మీద నిలబెడితే సమంగా నిలవాలి. తోక దిగిపోతే ముక్కుకు కాస్త మైనపు మట్టి అంటించు.

తెల్లవారగానే మీ కాలేజీ గ్రౌండ్‌కు వెళ్లు. ఎండ ఎక్కి గద్దలు గాలిలో చుట్లు తిరుగుతున్నాయంటే వేడిగాలి పైకి లేస్తోందన్నమాట. ఆ వేళలో ట్రిమ్ చేస్తే, అంటే విమానం సమంగా ఎగిరేలా సర్దితే, గాలి చేసిందేదో, నువ్వు చేసిందేదో తెలియదు. గాలికి ఎదురుగా నిలబడి, ముక్కు కొంచెం కిందికి ఉంచి మెల్లగా వదులు. పైకి విసరొద్దు. ముక్కెత్తి, ఆగి, పడి, మళ్లీ ముక్కెత్తుతుంటే అది స్టాల్. ముక్కుకు చిటికెడు మట్టి కలుపు. నేరుగా దూకేస్తుంటే మట్టి తీసెయ్యి. ఒకసారికి ఒకటే మార్చు. ఏం మార్చావో, ఏమైందో నోటుబుక్కులో రాసుకో. మట్టీ తోకా రెండూ ఒకేసారి కదిపావంటే, బాగా ఎగిరినా ఎందుకు ఎగిరిందో నీకు తెలియదు.

యుద్ధం గురించీ అడిగావు. 1971లో నేను నడిపింది నాట్ అనే యుద్ధ విమానం. ఇంత చిన్న జెట్టా అని ఆశ్చర్యపోతావు, రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 6.7 మీటర్లే. వేలు కదిపితే ముక్కు కదిలేది. నవంబర్ 22న తూర్పు సరిహద్దులో బోయ్రా మీద పాకిస్తాన్ సేబర్ జెట్లను ఎదుర్కొన్నవీ నాట్‌లే. డిసెంబర్ 14న శ్రీనగర్‌లో ప్రాణమిచ్చిన నిర్మల్ జిత్ సింగ్ సెఖోన్ నడిపిందీ నాట్. వైమానిక దళంలో పరమవీర చక్ర అందుకున్నది ఆయనొక్కరే. ఆ పేరు నీ తోటి క్యాడెట్లందరికీ తెలియాలి.

యుద్ధంలో ఎగురుతున్నప్పుడు ఎగరడం మీద మనసుండదు, అమ్మలూ. ఇంధనం ఎంతుంది, వెనకాల ఎవరైనా ఉన్నారా, నాతో వచ్చినవాడు ఎక్కడున్నాడు, ఇదే ఆలోచన. గాలి రెక్కను ఎలా మోస్తుందో నేను నింపాదిగా చూసింది ఈ చెక్కముక్కల్లోనే. ఇంత వయసొచ్చినా బ్లేడు కింద పెట్టనిది అందుకే. నువ్వూ ఆ ఆనందం ముందు చూడాలి, రిమోట్ తర్వాత.

స్క్రాంబుల్ పిలుపు, అంటే వెంటనే ఎగరమనే ఆజ్ఞ, వచ్చాక టైముండదని, పొద్దున్నే విమానం చుట్టూ తిరిగి అంచులు, చక్రాలు, తోక తాకి చూసుకునేవాళ్లం. నువ్వూ విసిరేముందు రెక్కను ఎదురుగా పట్టుకుని చూడు. మెలి తిరిగి ఉంటే కుక్కర్ ఆవిరి దూరంగా పట్టి, చల్లారేదాకా సరిగ్గా వంచి పట్టుకో. చెయ్యి కాలకుండా చూసుకో.

రిమోట్ దశకు వచ్చాక, ఎగరేసే చోటు ప్రభుత్వం డ్రోన్ల కోసం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో ఏ జోన్‌లో ఉందో చూడకుండా బ్యాటరీ పెట్టొద్దు. మన చుట్టూ విమానాలు దిగే బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఉన్నాయి. 2021 డ్రోన్ రూల్స్ ఒకసారి పూర్తిగా చదువు.

శనివారం సాయంత్రమే రా. ఫెవికాల్ ఆరడానికి రాత్రంతా కావాలి. మీ అమ్మనడిగి వంటింటి డిజిటల్ త్రాసు తీసుకురా, నా దగ్గరున్నది గ్రాములు సరిగ్గా చూపించట్లేదు.

ఆశీస్సులతో,
తాతయ్య