రోడ్డులో కలిసిన పొలం: రిట్ ఎందుకు నిలవలేదు?
ఇరవై ఏళ్ల కిందట పరిహారం ఇవ్వకుండా మీ పొలాన్ని రోడ్డులో కలిపేశారని, దానిపై సుప్రీంకోర్టులో వేసిన రిట్ పిటిషన్ నిలవలేదని రాశారు. అందుకు కారణం దాన్ని రాజ్యాంగం 32వ అధికరణ కింద వేయడమే అయి ఉండాలి. అది ప్రాథమిక హక్కులకే. ఆస్తిని ప్రాథమిక హక్కుగా ఉంచిన 19(1)(ఎఫ్), 31 అధికరణలు రాజ్యాంగ 44వ సవరణతో పోయాయి. 1979 జూన్ 20 నుంచి ఆస్తి హక్కు 300ఎ అధికరణ కింద రాజ్యాంగ హక్కు మాత్రమే.

1. ప్రాథమిక హక్కులకే కాక ఇతర హక్కులకూ పనికొచ్చే 226వ అధికరణ కింద హైకోర్టుకు వెళ్లండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: హైకోర్టుకు వెళ్లే ముందే కలెక్టరుకు, రోడ్లు భవనాల శాఖకు పరిహారం కోరుతూ అర్జీ పంపండి. రిజిస్టర్డ్ పోస్టులోనే. రసీదు పారేయకండి, అడిగినట్టు రుజువు అదే.

3. పాత అడంగల్ (భూమి ఎవరి సాగులో ఉందో చూపే రికార్డు) నకలు, పట్టాదారు పాసుపుస్తకం జతచేయండి.

ఇరవై ఏళ్లు గడిచాయన్న దిగులు వద్దు. 1967-68లో రోడ్డుకు పోయిన భూమికి హిమాచల్ ప్రదేశ్ వృద్ధురాలికి 2020లో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది.