సౌత్ ఏషియన్ స్టడీస్ చదువు, కానీ ముందు ఫీజు లెక్క తేల్చుకో

ప్రశ్న: మాది బందరు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద అమెరికా వచ్చి ఇక్కడొక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ మొదటి ఏడాది పూర్తి చేశాను. ఎలక్టివ్‌గా తీసుకున్న హిందూ మహాసముద్ర వర్తకం కోర్సు నాకు విపరీతంగా నచ్చింది. మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) మార్చుకుని, దక్షిణాసియా చరిత్ర, భాషలు, సమాజం చెప్పే సౌత్ ఏషియన్ స్టడీస్ చేయాలని ఉంది. నాన్నగారు బ్యాంకు లోన్ తీసుకుని పంపారు. ఆయనకు ఇంకా చెప్పలేదు. ఏం చేయమంటారు?

జవాబు: నువ్వు మా అమ్మాయి వయసుదానివి, అందుకే నువ్వు అనే రాస్తున్నాను. సౌత్ ఏషియన్ స్టడీస్ తప్పకుండా చదువు. కంప్యూటర్ సైన్స్ మాత్రం వదలకు. రెండూ మేజర్లుగా చేయి. నేనూ ఇదే మేజర్ చేసి, డబ్బు దగ్గర గట్టిగా దెబ్బతిన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఒక సంగతి. ఇది పనికిరాని చదువని ఎవరన్నా అంటే నమ్మకు. మీ ఊరినే తీసుకో. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్లు బందరులో వర్తకపు కోఠీ పెట్టారు, 1611లో ఇంగ్లీషువాళ్లు దిగారు. గోల్కొండ సుల్తానులకు అదే పెద్ద రేవు. మీ దగ్గర తయారైన కలంకారీ బట్ట ఓడెక్కి పర్షియా దాకా, ఆగ్నేయాసియా దీవుల దాకా పోయింది. ఆ ఒక్క బట్ట కథ తెలియాలంటే ఆ డచ్చి వర్తక కంపెనీ చిట్టాలు తిరగెయ్యాలి, అవి డచ్చి భాషలో ఉన్నాయి. సుల్తానుల ఫర్మానాలు చూడాలి, అవి ఫారసీలో ఉన్నాయి. కరక్కాయ, గేదె పాలు పట్టించిన గుడ్డ మీద చిరివేరుతో ఎరుపు ఎలా తెప్పించేవారో పెడన అద్దకం వాళ్లని అడగాలి. నేతగాళ్లకు ముందుగా బయానా ఇచ్చి సరుకు ఎలా రాబట్టుకునేవారో అర్థం కావాలంటే ఎకనామిక్స్ కావాలి. ఇవన్నీ ఏ ఒక్క డిపార్ట్‌మెంటూ చెప్పదు. ఈ మేజర్ పెట్టిందే అందుకు.

దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. 1948లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో డబ్ల్యూ. నార్మన్ బ్రౌన్ ఇందుకోసం డిపార్ట్‌మెంట్ మొదలుపెట్టారు. రష్యా స్పుత్నిక్ ఎగరేసిన మరుసటి ఏడాది, 1958లో, అమెరికా చట్టం చేసి మరీ బయటి దేశాల భాషల మీద డబ్బు పెట్టింది. మాడిసన్‌లోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు చెప్పారు. పీఎల్-480 అనే అమెరికా చట్టం కింద మనకు వచ్చిన గోధుమల సంగతి మీ తాతగారిని అడుగు, చెబుతారు. వాటికి మన ప్రభుత్వం రూపాయల్లో కట్టిన డబ్బుతోనే 1962 నుంచి అమెరికా పార్లమెంటు లైబ్రరీ అయిన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల ఢిల్లీ ఆఫీసు మన పుస్తకాలు కొని ఇక్కడి యూనివర్సిటీలకు పంపింది. నేను పనిచేసే లైబ్రరీలో అలా వచ్చిన తెలుగు పుస్తకాలు ఒక వరస నిండా ఉన్నాయి. విజయవాడ, తెనాలి ప్రెస్సుల్లో నాసి కాగితం మీద అచ్చయిన కథల సంపుటాలకు ఇక్కడ గట్టి గుడ్డ బైండు వేయించారు. పేజీ మూల కాస్త గట్టిగా పట్టుకుంటే అప్పడంలా విరిగిపోతుంది. లోపల వెల రూపాయిన్నర అని ఉంటుంది. వాటిని ముట్టుకున్నప్పుడల్లా ఈ చదువు చదివినందుకు నాకు గర్వంగా ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. నేను 1999లో పెళ్లయి, మా వారి వెనక హెచ్-4 మీద వచ్చాను. అప్పట్లో ఆ వీసా మీద పని చేయకూడదు గానీ చదువుకోవచ్చు. ఒక స్టేట్ యూనివర్సిటీలో చేరాను. ఇంట్లో ఒక్క జీతం. మొదటి ఫీజుకు మా నాన్న చీటీ పాడి డబ్బు పంపారు. అప్పట్లో డాలరు 50 రూపాయల లోపే ఉండేది. ఆయన ప్రతి వెయ్యి డాలర్లనీ రూపాయల్లోకి మార్చి డైరీలో రాసుకునేవారట. నాకది చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

భాషా క్రెడిట్లకేం, నాకు తెలుగు వచ్చు కదా అనుకున్నాను. భాష ఎంత వచ్చో చూసే ప్లేస్‌మెంట్ టెస్టు రాశాను. భాష రిక్వైర్‌మెంట్ మాఫీ చేశారు, క్రెడిట్లు మాత్రం ఇవ్వలేదు. డిగ్రీకి కావాల్సిన 120 క్రెడిట్లలో అంత మేరా గండి పడింది. పేరులో ఇండియా కనిపించిన కోర్సల్లా తీసుకోవడం ఇంకో తెలివితక్కువ పని. మేజర్‌కు పైస్థాయి కోర్సులు ఇన్ని ఉండాలని రూలు. నేను తీసుకున్నవి చాలావరకు మొదటి ఏడాది స్థాయివి, మేజర్ లెక్కలోకి రాలేదు. అడ్వైజర్ దగ్గరికి ముందే వెళ్లి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది. ఇంగ్లీషు మాట్లాడటానికి మొహమాటపడి వెళ్లలేదు. చివరికి ఒక సెమిస్టర్ అదనంగా చదవాల్సి వచ్చింది, నాన్న రెండో చీటీ ఎత్తారు. పైగా హెచ్-4 నుంచి ఎఫ్-1కి మారి ఉంటే క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పనిచేసుకోగలిగేదాన్ని. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పటి పిల్లలకు అన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి, అయినా అడగాల్సినవాళ్లని అడగడం మాత్రం మీకూ రాదు.

అయినా పూర్తి చేశాను. ఆ పైన లైబ్రరీ సైన్స్‌లో మాస్టర్స్ చేశాను. గ్రీన్ కార్డు వచ్చాక ఈ ఉద్యోగంలో చేరాను. ఇవాళ మా లైబ్రరీకి ఏ తెలుగు పుస్తకం వచ్చినా క్యాటలాగులోకి నా చేతుల మీదుగానే వెళుతుంది.

నీ పరిస్థితి వేరు. నాకు మా వారి జీతం ఆసరాగా ఉండేది, నీ వెనక లోన్ ఉంది. వీసా రూల్స్ మీ ఇంటర్నేషనల్ ఆఫీసు పేజీలో ఉంటాయి, చూసుకో. డబ్బుకు ముడిపడినది ఒక్కటి చెబుతాను. చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి మీద అందరికీ 12 నెలలు పని చేసుకునే వీలుంటుంది. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) డిగ్రీ ఉంటే దానికి సంబంధించిన ఉద్యోగంలో మరో 24 నెలలు కలుస్తాయి. సౌత్ ఏషియన్ స్టడీస్ స్టెమ్ జాబితాలో లేదు. కంప్యూటర్ సైన్స్ వదిలేశావంటే డాలర్లలో సంపాదించి లోన్ తీర్చుకునే ఆ రెండేళ్లూ వదులుకున్నట్టే. దాన్ని మైనర్‌గా ఉంచుకుంటాను అంటావేమో, మైనర్ లెక్కలోకి రాదు. రెండూ మేజర్లుగా ఉండాలి, యూనివర్సిటీ నీ వీసా కోసం ఇచ్చే ఐ-20 పత్రంలో రెండూ కనిపించాలి. ఇది అనుకున్నంత భారం కాదు. జనరల్ ఎడ్యుకేషన్ కింద చరిత్ర, సాహిత్యం, సోషల్ సైన్స్ కోర్సులు ఎలాగూ చదవాలి కదా, అవే సౌత్ ఏషియావి ఎంచుకుంటే చాలాచోట్ల రెండు లెక్కల్లోకీ వస్తాయి.

భాషకు తెలుగు పెట్టుకోకు. ఉర్దూ తీసుకో, కుదిరితే తర్వాత ఫారసీ. హైదరాబాదు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కను కాగితాలు ఫారసీలో ఉన్నాయి. తెలుగు ఇంట్లో పుట్టి వాటిని చదవగలిగేవాళ్లు ఎంతమంది ఉంటారు? ప్రొఫెసర్లు అలాంటి పిల్లల్ని వెతుక్కుని రీసెర్చ్ పనిలో పెట్టుకుంటారు. అది క్యాంపస్ ఉద్యోగమే, గంటకింత అని డబ్బు వస్తుంది, నీ వీసాకు సరిపోతుంది. మా లైబ్రరీలాంటి చోట్ల కూడా మన లిపులు చదవగలిగే స్టూడెంట్లకు పని దొరుకుతుంది.

స్కాలర్‌షిప్పుల వెంట పడి టైమ్ పోగొట్టుకోకు. భాషల కోసం అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫ్లాస్, బోరెన్ లాంటివి సిటిజన్లకు, కొన్నయితే గ్రీన్ కార్డు వాళ్లకు. ఫ్లాస్ నిధులకు 2025లో పెద్ద దెబ్బే తగిలింది. నీకు పనికొచ్చేది డిపార్ట్‌మెంట్ సొంతంగా ఇచ్చే చిన్న అవార్డులు. అవి నోటీసు బోర్డుల్లో పెద్దగా కనిపించవు, ఆఫీసులో కూర్చునే కోఆర్డినేటర్‌ను అడగాలి. స్టడీ అబ్రాడ్ అంటూ వేసవిలో లక్నోకో జైపూర్‌కో వెళ్లాలనిపిస్తుంది. ప్రోగ్రామ్ ఫీజు డాలర్లలో కట్టి మన దేశానికే వెళ్లడం నీ లోన్‌కు తగని పని. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పెడన వెళ్లి కూర్చో, నోట్స్ రాసుకో.

నాన్నగారికి ఈ నెలలోనే చెప్పు. ఆయన లోన్ రూపాయల్లో, నీ ఫీజు డాలర్లలో. డాలరు 2024 చివర్లోనే 85 రూపాయలు దాటింది, ఫీజు పైసా పెరగకపోయినా డాలరు పెరిగే కొద్దీ ఆయన భారం పెరుగుతూనే ఉంటుంది. ఉత్త చేతులతో ఫోన్ చేయకు. ముందు రెండు డిపార్ట్‌మెంట్ల అడ్వైజర్ల దగ్గరా అపాయింట్‌మెంట్ తీసుకో. ఏ కోర్సు రెండు మేజర్లకూ పనికొస్తుందో, పైస్థాయివి ఎన్ని కావాలో, నాలుగేళ్లలో పూర్తవుతుందో లేదో కాగితం మీద రాయించుకో. పక్కన సెమిస్టర్ వారీగా ఫీజు వేసి, ఆ కాగితం ఫోటో తీసి నాన్నగారికి పంపి అప్పుడు మాట్లాడు. ఒక్క సెమిస్టర్ అదనంగా తేలినా నాకు మళ్లీ రాయి, ఏ కోర్సు తీసేయాలో ఇద్దరం కలిసి చూద్దాం.