ఒడ్డున కూర్చున్నవాడి గురించి రాయి

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

తమ్ముడూ,

స్నేహితులతో చేసిన ట్రిప్ గురించి నువ్వు రాసి పంపిన "వైజాగ్‌లో రెండు రోజులు" రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి పడుకునే ముందు, రెండోసారి పొద్దున బీచ్ రోడ్డులో నడక అయ్యాక కాళీమాత గుడి ఎదురుగా గట్టు మీద కూర్చుని. నువ్వు రాసిన సముద్రం ఎదురుగానే ఉంది కదా, పోల్చి చూద్దామనిపించింది. ఉత్తరం కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు నచ్చింది చెప్తాను. ఎర్రమట్టి దిబ్బల్లో తిరిగొచ్చాక తెల్ల సాక్సులు ఎన్నిసార్లు జాడించినా ఎరుపు పోలేదని, బకెట్లో నీళ్ళు పారాణి కలిపినట్టు అయ్యాయని రాశావు చూడు, నీకు చూసే కన్నుందని నమ్మడానికి ఆ ఒక్క వాక్యం చాలు. దానికి ముందు ఆ దిబ్బలు వేల ఏళ్ళ నాటివనీ, ఇలాంటి ఎర్ర ఇసుక తమిళనాడులోనూ శ్రీలంకలోనూ ఉందనీ అరపేజీ రాశావు. అదీ నిజమే, ఉండనీ. కానీ బకెట్ తర్వాత పెట్టు. బకెట్ చూశాక చదివేవాడికే తెలుసుకోవాలనిపిస్తుంది, ఇంత ఎరుపు ఎక్కణ్ణుంచి వచ్చిందని.

కురుసుర సబ్‌మెరైన్ దగ్గర మాత్రం అలా కంటితో చూసింది రాయలేదు. 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో సెలవు తీసుకుంది, 2002లో మ్యూజియం అయింది, పొడవు 91 మీటర్లు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరి మీ ఐదుగురూ లోపలికి వెళ్ళారా లేదా? ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఆ గుండ్రటి ద్వారంలోంచి కాలు ముందు పెట్టి, తల వంచి, ఒళ్ళు ముడుచుకుని దూరాలి కదా. మీలో పొడుగువాడెవడు? వాడి తల తగిలిందా? టార్పెడోల దగ్గరే నావికులు నిద్రపోయే మంచాలు చూసి ఎవరైనా ఒక్క క్షణం మాట్లాడకుండా నిలబడ్డారా? తారీఖులు ఎవరైనా రాస్తారు. ఆ క్షణం నీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు.

ఇక రుషికొండ బీచ్. "కయాకింగ్ చేశాం, సూపర్‌గా ఎంజాయ్ చేశాం" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే నీ ట్రిప్ మొత్తంలో అంత సరుకున్న చోటు ఇంకోటి లేదు. ఇద్దరు కూర్చునే కయాక్‌లో లయ కుదరకపోతే తెడ్లు ఠకఠకా కొట్టుకుంటాయి, ముందువాడికి వెనకవాడు కనపడడు కాబట్టి తప్పంతా వాడిదే అనుకుంటాడు, వెనకవాడికేమో ముందువాడి వీపు తప్ప ఇంకేం కనపడదు, వాడు ఎప్పుడు అలిసిపోయాడో, ఎప్పుడు భయపడ్డాడో ఆ భుజాలు చూసి పట్టెయ్యొచ్చు. నువ్వు ఎక్కడ కూర్చున్నావు? ముందా, వెనకా?

నీళ్ళలోకి దిగడం కూడా వదిలేశావు. మా పెదజాలారిపేట ఒడ్డుకి తెల్లారకముందే వచ్చి చూడు ఒకసారి. జాలర్లు పడవని నీటి అంచు దాకా నెట్టి, దానికి భుజాలు ఆనించి ఆగిపోతారు. పెద్ద కెరటాలు వరసగా మూడో నాలుగో వచ్చి పోయాక సముద్రం కాసేపు నెమ్మదిస్తుంది. ఆ సందు కోసమే చూస్తుంటారు. ఎవరూ మాట్లాడరు, బీడీ కూడా పెదవి మీదే ఆరిపోతుంది. ఉన్నట్టుండి ఒక పెద్దాయన "తొయ్యండ్రా" అని కేకేస్తాడు, అంతే, అందరి పాదాలూ ఒకేసారి ఇసుకలో దిగబడతాయి. మీ కయాక్ దించిన కుర్రాడు కూడా అలాగే ఆగి ఉంటాడు, మీరు సెల్ఫీ తీసుకుంటూ చూసి ఉండరు. గుర్తు తెచ్చుకో.

ఇంకో మాట, ఇది కాస్త గట్టిగానే చెప్తాను. ఆర్‌కే బీచ్‌లో నడుం లోతు దాకా దిగామని గొప్పగా రాశావు. అక్కడ లోతు హఠాత్తుగా పెరుగుతుంది, వెనక్కి పోయే కెరటం కాళ్ళ కింద ఇసుకని కూడా లాక్కుపోతుంది. స్నేహితులతో సరదాగా వచ్చి తిరిగి ఇంటికి వెళ్ళని పిల్లల గురించి ఈ ఊళ్ళో ఎన్నిసార్లు విన్నానో. నీది చదివి ఇంకొకడు దిగితే? మడమల కింద ఇసుక జారినప్పుడు నీకు భయమేసి ఉంటే ఆ భయం రాయి, లేదా ఆ పేరా మొత్తం కొట్టెయ్.

నీ వయసులో నేనూ ఇదే చేశాను. ఆరుగురం యారాడ బీచ్‌కి వెళ్ళాం, ఆఖరి బస్సు పోయింది, చీకట్లో కొండ మీంచి నడుచుకుంటూ వచ్చాం. పన్నెండు పేజీలు రాసి ఒక వారపత్రికకి పంపితే తిరిగొచ్చింది. అందులో సూర్యోదయం ఉంది, లైట్‌హౌస్ ఉంది, ఆ రాత్రి దారిలో డబ్బుల దగ్గర మాకొచ్చిన గొడవ లేదు. స్నేహితులకి కోపమొస్తుందని దాచాను. పదిహేనేళ్ళ తర్వాత ఆ గొడవొక్కటే రాస్తే అచ్చయింది, చదివి ముందు ఫోన్ చేసింది కూడా ఆ గొడవ పడిన అమ్మాయే.

అందుకే నాలుగో పేజీలో నువ్వు రాసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "ఒకడు మాత్రం నీళ్ళలోకి రానన్నాడు, ఒడ్డునే మా ఫోన్లూ చెప్పులూ చూసుకుంటూ కూర్చున్నాడు." వెంటనే లంచ్‌లోకి వెళ్ళిపోయావు. వాడెందుకు రానన్నాడు? ఈత రాకా, డబ్బులు చాలకా, ఇంట్లో ఎవరైనా నీళ్ళలో పోయారా? మీరు నలుగురూ కెరటాల మీద అరుస్తుంటే వాడు ఆ గంటసేపు ఎటు చూశాడు? నాకైతే నీ కథ అక్కడే కూర్చుని ఉందనిపిస్తోంది. భీమిలి దాకా సైకిళ్ళు తొక్కినప్పుడు అందరికంటే ముందు గోస్తనీ నది దగ్గరికి చేరింది కూడా వాడేనని నువ్వే ఆరో పేజీలో రాశావు, ఆ రెండిటికీ ముడి ఉందేమో చూడు.

వాడికి ఇవాళే ఫోన్ చెయ్యి. కథ కోసమని ముందే చెప్పి, రాయొచ్చా అని అడుగు. ఒప్పుకుంటే ఆ గంట సంగతి మొత్తం చెప్పించుకో, ఎండ ఎటు నుంచి పడిందో, మీ ఫోన్లు ఎన్నిసార్లు మోగాయో, ఎవరి అమ్మ చేసిందో, వాడు ఎత్తి ఏం చెప్పాడో.

నీ అక్క